వినువారి మాట వినువారెవరు?

ధ్యాన భాగములు: నిర్గమకాండము 18:13–27, 2 రాజులు 3:11–16



మనస్సు చెదిరినవారి మాట వినుటయే వృత్తిగా గలవారు ఈ దినములలో ఉన్నారు. విశాఖపట్టణము చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు బుచ్చయ్యపేట చుట్టుప్రక్కల వినని ఇల్లు తక్కువ. 2022 అక్టోబరు 10వ తేదీన టెలీ మానస్ అను ప్రభుత్వ ఏర్పాటు మొదలాయెను. 14416 నంబరుకు పగలైనను రాత్రియైనను ఖర్చు లేకుండ ఫోను చేసి, తెలుగులోనే మనస్సు విప్పి చెప్పుకొనవచ్చును. ఆ కొసన కూర్చున్నవారు చావు తలంపులను, త్రాగుబోతు భర్తల సంగతులను, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఏడ్పును ఒకటి వెంట ఒకటి విని, ఇంటికి పోయి తమ పిల్లలతో అన్నమునకు కూర్చుండవలెను. వారి మాట ఎవరు విందురు? అట్లు వినుమని వారు కోరుట స్వార్థమా?

జీతము పుచ్చుకొని నీడపట్టున కూర్చుండి మాటలాడువారికి కష్టమేమి, చెరకు నరికినవానికి గదా నడుము నొప్పి, అని మన రచ్చబండ దగ్గర అడుగుదురు. కాని బెల్లము వండు పొయ్యి దగ్గర నిలిచినవాని సంగతి మనకు తెలియును. పొగకు కండ్లు మండి నీరు కారుచున్నవానికి పాకము సరిగా కనబడునా? మరియొకరు వచ్చి పెనములోనికి చూడవలెను. వానియందు నమ్మకము లేక కాదు; పాకము చెడితే అందరికిని నష్టము గనుక.

మోషే ఉదయము మొదలు సాయంకాలము వరకు కూర్చుండి జనుల వ్యాజ్యెములు విను దినమున మామయైన యిత్రో వచ్చి చూచెను. అల్లుని పట్టుదలను మెచ్చుకొనలేదు. ఈ పని మంచిది కాదనెను. మోషే నలిగిపోవునని మాత్రమే చెప్పలేదు, జనులును నలుగుదురని కలిపి చెప్పెను. మేము ఈ మాటయొద్దనే నిలిచి ఆలోచింపవలెనని కోరుచున్నాము. అలసిన చెవి సగమే వినును. తన బాధ పొంగియున్నవాడు ఎదుటివాని కథలో తన కథనే వినును. కాబట్టి వినువారికి తోడు కల్పించుట వారికి చేయు ఉపకారము మాత్రమే కాదు, రోగికి చెల్లింపవలసిన ఋణము.

ఈ ఏర్పాటును ఆ వృత్తిలో పర్యవేక్షణ అందురు. ఆ మాట వినగానే తాసిల్దారు తనిఖీ తలంపునకు వచ్చును. ఇది అట్టిది కాదు. నియమిత దినములలో, పనిలో తలపండిన మరియొకరి యెదుట కూర్చుండి, తాను విన్నదియు చెప్పినదియు, అప్పుడు తన లోపల లేచినదియు చెప్పుకొనుట. “ఆ మనిషిమీద నీకు కోపమెందుకు వచ్చినది? అతడు నీకెవరిని జ్ఞాపకము చేసెను?” అని ఆ పెద్ద అడుగును. జీతము పెంచు అధికారియే ఆ పెద్దయైనచో ఎవడును ఉన్నదున్నట్లు చెప్పడు. ఇద్దరు వేరుగా ఉండుటయే మేలు. లండనులో మైకేల్ బాలింట్ అను వైద్యుడు 1950 తరువాతి సంవత్సరములలో సామాన్య వైద్యులను చిన్న గుంపుగా కూర్చుండబెట్టి ఇట్లే మాటలాడించెను. అంతకు ముందే, 1925లో, అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అను బోధకుడు వేదాంత విద్యార్థులను వూస్టరు పిచ్చాసుపత్రికి తీసికొనిపోయి రోగులయొద్ద నేర్చుకొనజేసెను. ఆ బోధకుడు స్వయముగా అట్టి ఆసుపత్రిలో రోగిగా ఉండి వచ్చినవాడు.

ఒక చిక్కున్నది. రోగి ఒకరికే చెప్పిన రహస్యము రెండవ చెవికి పోవుట నమ్మకద్రోహము కాదా? పేరును ఊరును విడిచి చెప్పుట, నాకొక పెద్ద ఉన్నాడని రోగికి ముందే తెలియజేయుట, ఆ పెద్దయు అదే కట్టుబాటు క్రింద ఉండుట, ఈ మూడును ఉన్నచో ద్రోహము కాదని మా అభిప్రాయము. రహస్యము అక్కడనుండి టీ దుకాణమునకు పోరాదు. ప్రార్థన విన్నపమను పేరుతో మన కూటములలో ఇంటింటి గుట్టు పేరుతోసహా బయటపడుట చూచినచో, ఈ కట్టుబాటు మనకే ఎక్కువ అవసరమని తోచుచున్నది.

ఇక కళల సంగతి. దావీదు సితారా వాయించి సౌలుకు నెమ్మది కలిగించెనని తరచుగా ప్రసంగింతుము. ఆ వాయించువానిమీదికే సౌలు ఈటె విసరెను. ఉపశమనము చేయువానికి తగులు దెబ్బ అది. ఎలీషా సంగతి చూడుడి. ఇశ్రాయేలు రాజుమీద కోపముతో నిండియుండి, అడిగినదానికి జవాబు చెప్పకముందు, వీణ వాయించువానిని తనకొరకే పిలిపించుకొనెను. సహాయము చేయువాడే సంగీతమును అడిగెను. ఎవరును తప్పు పట్టలేదు.

మాటలతోనే పనిచేసినవానికి సాయంకాలమునకు మాటలు అరిగిపోవును. అప్పుడు రంగు, మట్టి, తాళము మాటలాడును. ఆంగ్ల చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయరోగియై శానటోరియములో ఉన్నప్పుడు బొమ్మలు వేసికొని సేదదీరి, తోటి రోగులకును నేర్పెను. మన ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణెమీద త్రిప్పి లక్కరంగు పట్టించువారిని చూచితిరా? చేయి కదలుచుండగా మనస్సు సర్దుకొనును. వినువారు తమలో తాము కూడుకొని చిత్రము వేసినను, కోలాటమాడినను, కీర్తన పాడినను దానికి మార్కులు వేయరాదు. పోటీ పెట్టినయెడల అదియు ఒక బరువగును.

అయినను ఏడాదికొక దినము ఆడించి పాడించి, మరునాడు రెండింతలు పని నెత్తికెత్తు యజమానులను మేము మెచ్చజాలము. యిత్రో పాటలు పాడుకొనుమనలేదు; వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను పెట్టుమనెను. 2015–16లో 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము, రుగ్మతనుబట్టి నూటికి 70 మొదలు 92 మందివరకు చికిత్స అందనివారే. ఆ లోటంతయు ఉన్న కొద్దిమంది భుజములమీదనే పడుచున్నది.

మన గ్రామములలో బిరుదులేని వినువారున్నారు. ఆశా కార్యకర్త మందుల సంచితో ఇల్లిల్లు తిరుగుచు గడపలో నిలిచి ఎన్ని వినును! ఆమె రిజిష్టరులో గర్భిణీల లెక్కకు గడియున్నది, ఆమె విన్నదానికి గడి లేదు. నెలకొక మారు అట్టివారు నలుగురు కూడుకొనుటకు చోటు కావలెనన్నచో, ఆదివారము తప్ప మిగిలిన దినములలో మన గుడి చావడి ఖాళీగానే ఉన్నది.