చేను ఎవరిది, సంతకం ఎవరిది?



సెలవులకు స్వగ్రామం వెళ్ళి వచ్చిన మనవాళ్ళు తరచుగా ఒక మాట అంటారు: ఊళ్ళో ముసలివాళ్ళే మిగిలారు, కుర్రవాళ్ళు లేరు అని. పట్నం మోజుతో వెళ్ళిపోయారని తీర్పు తీర్చే ముందు, వారి కాళ్ళ క్రింద ఉన్న నేల ఎవరిదో మనం అడగాలి.

మన పెద్దల సంగతే చూద్దాం. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతపు కూలి కుటుంబాలు ఎన్నో, క్లౌ దొరగారు కాంట్రాక్టు తీసుకొన్న బకింగ్‌హాం కాలువలో మట్టి మోసి బ్రతికాయి. తరువాత తెలుగువారు ఎందరో కోలారు బంగారు గనులకు, బొంబాయి కట్టడాల పనికి తరలిపోయారు. భూమి ఉన్నవాడు ఒక పంట పోతే మరో పంట కోసం ఆగగలడు. కూలి మీద బ్రతికేవాడు ఆగలేడు. ఊరు విడవటం పాపం కాదు, అబ్రాహాము కూడా విడిచాడు. అయితే పిలుపు విని వెళ్ళటం వేరు, నిలువ చోటు లేక వెళ్ళటం వేరు.

ఈనాడు ఊళ్ళో ఉండి సేద్యం చేయాలనుకొనే యౌవనస్థుడు, సొంత చేను లేకపోతే కౌలుకు దున్నాలి. పాస్‌పుస్తకం అతని పేర లేదు గనుక బ్యాంకులో పంట ఋణం పుట్టటం కష్టం. వడ్డీ వ్యాపారి గడప ఎక్కుతాడు. పంట మునిగితే పరిహారం తరచుగా పట్టాదారుకే పోతుంది. తెలంగాణలో 2018లో రైతుబంధు క్రింద ఎకరానికి పంటకు 4,000 రూపాయలు ఇచ్చినప్పుడు, కౌలుదారుకు అందులో చోటు లేదు. రెండు పంటలు పోతే అప్పు తీర్చటానికి ఆ కుర్రవాడు బెంగుళూరు బస్సు ఎక్కుతాడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 11 నెలల ఒప్పందం మీద సాగుదారునికి కార్డు ఇచ్చి, ఋణానికీ పరిహారానికీ దారి చూపింది. భూమి మీద హక్కు మాత్రం యజమానిదే. అయితే ఆ ఒప్పందానికి యజమాని సంతకం కావలసి వచ్చింది.

ఇక్కడ ప్రశ్న మన గుమ్మం ముందుకు వస్తుంది. మనలో కొందరికి తాతల నాటి ఎకరమో అరెకరమో ఊళ్ళో ఉంది. పాస్‌పుస్తకం పూనాలోనో చెన్నైలోనో మన బీరువాలో ఉంటుంది. చేను చిన్నాన్న మనుమడు దున్నుతాడు. సంతకం పెడితే నేల పోతుందేమోనని మన భయం. ఆ భయం ఊరకనే రాలేదు. పేదవాని నేల కాగితం మీద మాయమవటం మనవాళ్ళు ఎరిగినదే. నాబోతు ద్రాక్షతోట పోయింది కూడా రాజముద్ర వేసిన ఉత్తరాలతోనే గదా!

కాని ఒక ముద్ర తీసివేసిన దానిని మరొక సంతకం నిలబెట్టగలదు. భూమి దేవునిదని, మనం దాని మీద పరదేశులమని లేవీయకాండము 25వ అధ్యాయం బోధిస్తున్నది. పరాయి ఊళ్ళలో స్థిరపడిన మనకంటే ఈ మాట ఎవరికి బాగా తెలుస్తుంది? కాబట్టి ఒప్పందం చదివించుకొందాం, సంఘ పెద్దల యెదుట వ్రాయించుకొందాం, నకలు దగ్గర ఉంచుకొందాం, కౌలు పంట చేతికి వచ్చాకనే తీసుకొందాం. ఊళ్ళో ఉండాలో పట్నం రావాలో ఆ బిడ్డ తానే నిర్ణయించుకోగలుగును గాక.