అదే గంట, అదే నేను?

తిమ్మాజిపేటలో పొద్దున గుడిగంట వినబడితే అది నిన్నటి గంటేనా అని ఎవరూ ఆలోచించరు. వేదవాక్యాలను విచారించే మీమాంసకులు ఆలోచించారు. ఎవరు ఎన్నిసార్లు పలికినా ‘ఇది ఆ గకారమే’ అనిపిస్తుంది కనుక వర్ణం నిత్యం, ఉచ్చారణ దాన్ని బయటపెడుతుందే తప్ప పుట్టించదు అన్నారు. గుర్తుపట్టడాన్నే ఆత్మకూ సాక్ష్యంగా నిలబెట్టారు: నిన్న విన్నవాడూ ఇవాళ గుర్తుపట్టినవాడూ ఒకడే అయితే మారని ‘నేను’ ఒకటి ఉండి తీరాలి. బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి సంప్రదాయంవారు దీన్ని ఒప్పుకోలేదు. కోసిన జుట్టు మళ్లీ పెరిగితే అదే జుట్టంటాం, పోలికను చూసి ఒకటే అని పొరబడతాం అన్నారు.

ఈ తగవులోకి ఇప్పుడు ఎలుక మెదడు సాక్ష్యానికి వచ్చింది. దాని శ్రవణ వల్కలాన్ని, అంటే ధ్వనులను గ్రహించే మెదడు పైపొరను, వారాల తరబడి గమనిస్తే, నాడీకణాల సంధులున్న సన్నని ముళ్లు కొన్ని మాయమవుతుంటాయి, కొన్ని మొలుస్తుంటాయి. ఒక స్వరానికి స్పందించిన కణం కొన్ని రోజులకు ఊరుకుంటుంది, మరొకటి అందుకుంటుంది. వాసనల వల్కలంలో ఈ మార్పు మరీ ఎక్కువని 2021లో తేలింది. విడికణం నిలవకపోయినా, ఏ ధ్వని దేనికి దగ్గర, దేనికి దూరం అన్న సంబంధాలు మొత్తం గుంపులో చాలావరకు నిలుస్తాయి. చెవిలోని రోమకణాలు మారవు కదా, స్థిరత్వం అక్కడిదే కావచ్చు అనవచ్చు. కానీ పెద్దయ్యాక వినికిడి పోయినవారికి కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చినప్పుడు ఆ కణాల పనిని కొద్దిపాటి ఎలక్ట్రోడ్లు చేస్తాయి. మొదట్లో మరమనిషి గొంతులా వినిపించిన మాట, నెలలు గడిచేకొద్దీ చాలామందికి మామూలు మాటలా తోస్తుంది. దారి మారినా పోలిక తిరిగి కుదురుకుందన్నమాట.

అలాగైతే ఆ నిలిచే సంబంధమే నిత్యం అనకూడదా? నా దృష్టిలో కూడదు. అది అనుభవంతో ఏర్పడుతుంది, జబ్బుతో చెదురుతుంది. నిత్యమైనదానికి ఈ రెండూ ఉండవు. బౌద్ధులపై అద్వైతి శంకరుల ఆక్షేపణ ఇంతకంటే పదునైనది. బయటి వస్తువు విషయంలో ‘అదేనా, అలాంటిదా’ అనే సందేహం రావచ్చు, ‘నిన్నటి నేనేనా’ అనే సందేహం మాత్రం ఎవరికీ రాదని బ్రహ్మసూత్ర భాష్యంలో ఆయన అంటారు. నిజమే, రాదు. అయితే సందేహం రాకపోవడం ఏకత్వానికి రుజువు కాదు. స్పందించే కణాలు మారిపోతున్నా గంట విషయంలోనూ మనకు అనుమానం రావడం లేదు. దీంతో ఆత్మ లేదని తేలిపోదు. వేదాంతి ఆత్మగా చెప్పే సాక్షి నాడీకణం కాదు, సూక్ష్మదర్శినికి దొరకాల్సిన అవసరమూ లేదు. కాకపోతే ఆ సాక్షిని నిరూపించేందుకు గుర్తుపట్టడం అనే ఆధారం ఇక చాలదు, వేరే ఆధారం వెతుక్కోవాలి.