ముగ్గురినీ కలిపే మనిషిని వెతుకమ్మా

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు రిజిస్ట్రారువయ్యావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. క్యాంపస్‌కు యుటిలిటీస్, ఎనర్జీ మేనేజర్ పోస్టు పెట్టి, తగిన మనిషి కోసం ప్రకటన ఇవ్వబోతున్నావని విన్నాక ఆ సంతోషం రెట్టింపయింది. కరెంటు శాఖలో జీవితమంతా గడిపినవాణ్ని. రిటైరయ్యాక కొన్ని కాలేజీలకు, ఆస్పత్రులకు సలహాలు చెబుతూ తిరిగాను. ఆ అనుభవంతో, మీ నాన్న స్నేహితుడిగా, నువ్వు పెదనాన్నా అని పిలిచే చనువుతో నాలుగు మాటలు చెబుతాను. తీరిక చేసుకుని చదువు.

ముందుగా ఈ పోస్టు ఎందుకన్నది నీకు తేటగా ఉండాలి. మన యూనివర్సిటీల్లో కరెంటు బిల్లు ఫైనాన్స్ సెక్షన్‌కు వస్తుంది. గడువు దాటకుండా కట్టేయడంతో వాళ్ల పని అయిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు, జనరేటర్లు ఇంజినీరింగ్ సెక్షన్ చేతిలో ఉంటాయి. ఏదీ ఆగకుండా చూసుకుంటే వాళ్లకు అదే పదివేలు, బిల్లు వాళ్ల కంటపడదు. వాడుకునేదేమో హాస్టళ్లు, ల్యాబులు, లైబ్రరీ. వాళ్లకు బిల్లూ తెలియదు, మీటరు ఎక్కడుందో కూడా తెలియదు. ముగ్గురూ మంచివాళ్లే, ఎవరి పని వాళ్లు చేస్తున్నవాళ్లే. కానీ ముగ్గురినీ కలిపే మనిషి లేడు. డబ్బు పోయేది వాళ్ల మధ్య ఉన్న సందులోంచే. నువ్వు వెతకాల్సింది ఆ సందులో నిలబడి ముగ్గురితోనూ మాట్లాడగల మనిషిని.

ఒక ఉదాహరణ చెబుతాను. మీది హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం)తో ఒక గరిష్ఠ డిమాండుకు ఒప్పందం ఉంటుంది, దాన్నే సీఎండీ అంటాం. డిమాండు చార్జీ వేసేటప్పుడు ఆ నెల నిజంగా నమోదైన డిమాండునూ, సీఎండీలో 80 శాతాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. సీఎండీ 1,000 కేవీఏ ఉండి, మీ వాడకం ఏ నెలా 600 దాటకపోతే, ప్రతి నెలా 800కు కడుతున్నట్టే. అలాగని మరీ తగ్గించుకుంటే మండువేసవిలో ఏసీలన్నీ ఒక్కసారి నడిచినప్పుడు ఒప్పందం దాటి అదనపు చార్జీ పడుతుంది. ఎక్కడ ఆపాలో లెక్క తెలిసినవాళ్లు చెప్పాలి. ఇక మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హెచ్‌టీ యూనిట్లను కేవీఏహెచ్‌లో లెక్కిస్తారు. పవర్ ఫ్యాక్టర్ 0.85కు పడిపోతే 100 యూనిట్ల పనికి దాదాపు 118 యూనిట్ల బిల్లు వస్తుంది. పవర్ ఫ్యాక్టర్‌ను నిలబెట్టే కెపాసిటర్ బ్యాంకులో కొన్ని చెడిపోయినా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. అందుకే ఏడాది గడిచినా ఎవరికీ అనుమానం రాదు. బిల్లు చూసే చోటికి ప్యానెల్ బోర్డు తెలియదు, ప్యానెల్ దగ్గరున్న మనిషికి బిల్లు తెలియదు.

ఇప్పుడు ప్రకటన సంగతి. ఎలక్ట్రికల్ లేదా మెకానికల్ ఇంజినీరింగ్ చదివి ఉండాలని రాయి. 2001 ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ జాతీయ స్థాయిలో పరీక్ష పెడుతుంది. మూడు పేపర్లు గట్టెక్కితే ఎనర్జీ మేనేజర్, నాలుగోదీ గట్టెక్కితే ఎనర్జీ ఆడిటర్. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వు. అది లేనంత మాత్రాన తలుపు మూసేయకు, చేరాక రెండేళ్లలో సంపాదించాలని షరతు పెట్టు. యూనివర్సిటీలోనే పనిచేసిన అనుభవం కావాలని మాత్రం పట్టుబట్టకు. పెద్ద ఆస్పత్రిలో, హోటల్లో, మందుల ఫ్యాక్టరీలో చేసినవాళ్లకు ఆవిరి, చల్లని నీరు, మురుగునీటి శుద్ధి, జనరేటర్లు అన్నీ ఒంటిచేత్తో నడిపిన అలవాటుంటుంది. విశాఖ వైపు నేవీలో ఇంజిన్ రూమ్ చూసుకుని రిటైరైనవాళ్లు దొరుకుతారు. నడిసముద్రంలో కరెంటు, నీళ్లు రెండూ తామే చూసుకున్నవాళ్లకు ఈ పని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి వేళ పిలుపు వస్తుందని ఆడపిల్లల దరఖాస్తులు పక్కన పడేసే కమిటీలను చూశాను. నీ చేతుల మీదుగా అది జరగనివ్వకు.

ఎంపిక కమిటీలో ఇంజినీర్లనే నింపకు. ఫైనాన్స్ ఆఫీసరు ఉండాలి, చీఫ్ వార్డెన్ ఉండాలి, కెమిస్ట్రీ ల్యాబు నడిపే ప్రొఫెసరు ఒకరుండాలి. రేపు ఆ మనిషి కలిసి పనిచేయాల్సింది వీళ్లతోనే కదా.

ఇంటర్వ్యూను గదిలో మొదలుపెట్టి గదిలోనే ముగించకు. ముందు పన్నెండు నెలల బిల్లులు చేతికిచ్చి అరగంట ఒంటరిగా వదిలేయ్. తర్వాత ఏం చూశారో చెప్పమను. మొత్తం రూపాయల దగ్గరే ఆగిపోయారా, డిమాండు, పవర్ ఫ్యాక్టర్, సెలవుల నెలల్లో యూనిట్లు ఎందుకు తగ్గలేదన్న దాకా వెళ్లారా అన్నది గమనించు. వేసవి సెలవుల్లో రాత్రి రెండు గంటలకు మెయిన్ మీటరు ఎంత లోడు చూపిస్తుందని నిన్నే ఎదురు ప్రశ్న వేసిన మనిషిని గుర్తుపెట్టుకో. ఆ వేళ నడుస్తున్నదాంట్లో సర్వర్లకు, ల్యాబు ఫ్రీజర్లకు పోగా మిగిలింది ఎక్కువభాగం వృథాయే.

ఆ తర్వాత సబ్‌స్టేషన్‌కు, పంప్‌హౌస్‌కు నడిపించుకుని వెళ్లు. నువ్వూ వెంట ఉండు, మాట్లాడకు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గాజు సీసాలాంటి బ్రీదర్‌లో సిలికా జెల్ నీలంగా ఉండాల్సింది గులాబీ రంగుకు తిరిగి ఉంటే, అది తేమ పట్టి చాలాకాలమైనా ఎవరూ మార్చలేదని అర్థం. పని తెలిసినవాళ్ల చూపు ముందు అక్కడికే పోతుంది. పంప్‌హౌస్‌లో మోటారు ఆగి ఉన్నా ప్రెషర్ గేజి ముల్లు పైనే నిలబడి ఉంటే, గేజి మీద వేలితో ఒకసారి కొట్టి చూస్తారు.

అన్నిటికంటే ముఖ్యంగా లాగ్‌బుక్ తెరిచే తీరు చూడు. గంటగంటకూ రాయాల్సిన ఓల్టేజి పేజీ పొడుగునా 415 అని ఉంటుంది, ఒకే పెన్ను, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. రోజంతా ఓల్టేజి అంకె కదలకుండా ఉండటం మన ఊళ్లలో జరిగే పని కాదు. షిఫ్టు చివర్లో కూర్చుని ఒక్క ఊపున నింపేశారన్నమాట. అది కనిపెట్టడం మొదటి మెట్టు. కనిపెట్టాక ఏం చేస్తారన్నది అసలు పరీక్ష. ఆపరేటరును అందరి ముందూ కసిరితే ఆ మనిషి నీకొద్దు. "ఈ షిఫ్టులో మీరు ఒక్కరేనా? పంపులూ మీరే చూసుకోవాలా?" అని నెమ్మదిగా అడిగితే, నువ్వు వెతుకుతున్న మనిషి ఆ అభ్యర్థే కావచ్చు. ఒక్కడికి మూడు పంప్‌హౌస్‌లు అప్పగించి గంటగంటకూ రీడింగు రాయమంటే ఎవరు రాయగలరు?

పొదుపు గురించి మాట్లాడించినప్పుడు, మొదటి మాటే సోలార్ అన్నవాళ్లను ఇంకాస్త లోతుగా అడుగు. మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, పెట్టాల్సిందే. కానీ వృథా ఆపకుండా పలకలు పరిస్తే, వృథాకు కూడా పలకలు కొన్నట్టవుతుంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. హాస్టళ్లలో వెయ్యి ఫ్యాన్లు మార్చి, రోజుకు 12 గంటలు, ఏడాదికి 250 రోజులు తిరుగుతాయనుకున్నా 1,35,000 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీయే చెబుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన వచ్చింది. జనరేటరు లీటరు డీజిలుకు సాధారణంగా మూడు, మూడున్నర యూనిట్లే ఇస్తుంది. ఇలా చిన్నవాటి నుంచి పెద్దవాటికి లెక్క కట్టుకుంటూ వెళ్లే అభ్యర్థి మాట నమ్మదగ్గది.

పొదుపు పేరుతో ఆపకూడనివి కూడా కొన్ని ఉంటాయి. కెమిస్ట్రీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ గాలిని బయటికి లాగేస్తుంది, దానికి కరెంటు బాగా ఖర్చవుతుంది. దాన్ని ఆపేసి యూనిట్లు మిగిల్చామంటే పిల్లల ఊపిరితిత్తులతో బేరమాడినట్టే. అందుకే ఆ ఉద్యోగి జీతాన్ని మిగిల్చిన యూనిట్లతో ముడిపెట్టొద్దు. పొదుపులో వాటా ఇస్తామంటే, ఆపకూడనివి ఆపే ఆశ పుడుతుంది.

మనుషుల ప్రాణాల విషయంలో మాత్రం అభ్యర్థి జవాబులో తడబాటు ఉండకూడదు. లైను మీద పనిచేసేముందు లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకోవడం, ఫ్యూజులు పీకి ఎర్త్ చేయడం, తాళం వేసి చెవి పనిచేసేవాడి జేబులోనే ఉంచడం, వీటిలో ఏ ఒక్కటీ తొందర కోసం వదలరా అని నేరుగా అడుగు. మురుగు గుంటల సంగతీ అడుగు. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని సెప్టిక్ ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. అలాంటి మరణాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. "కాంట్రాక్టరు చూసుకుంటాడండీ" అన్న జవాబు వస్తే, ఆ అభ్యర్థికి ఎన్ని డిగ్రీలున్నా నమస్కారం పెట్టి పంపెయ్.

ఇంకొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్లు లేవు. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన రోజుల్లో జనరేటరుకు డీజిలు కూడా సులువుగా దొరకలేదు. వేల మంది పిల్లలు హాస్టళ్లలో ఉండగా అలాంటి వారం వస్తే ముందు ఏ ట్యాంకు నింపుతారు, ఏ భవనానికి జనరేటరు ఇస్తారు, దేన్ని ఆపేస్తారు అని అడుగు. జవాబులో మెస్సు, తాగునీరు, ఆరోగ్యకేంద్రం ముందొస్తే సంతోషించు. పరిపాలనా భవనం ముందొస్తే ఆలోచించు.

మనిషి దొరికాక నీ వంతు మొదలవుతుంది. బాధ్యత ఇచ్చి అధికారం ఇవ్వకపోవడమంటే తాళంచెవి ఇవ్వకుండా ఇంటికి కాపలా పెట్టడమే. నేరుగా నీకే రిపోర్టు చేసేలా ఉత్తర్వు ఇవ్వు. ఒక పరిమితి వరకు అత్యవసర కొనుగోళ్లు ఫైలు తిరగకుండా చేసుకునే వీలు కల్పించు. ప్రమాదమనిపిస్తే ఎవరి పనినైనా ఆపించే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. రెగ్యులర్ పోస్టు మంజూరు కావడం కష్టమని నాకు తెలుసు. కాంట్రాక్టు మీద తీసుకున్నా మూడేళ్లకు తక్కువ వద్దు. ఎండాకాలం, వానాకాలం, పరీక్షలు, సెలవులు అన్నీ ఒకసారి చూసేసరికే ఏడాది గడుస్తుంది. పదకొండు నెలలకు తీసుకుని మళ్లీ ఇంటర్వ్యూకు రమ్మంటే, నేర్చుకున్న మనిషి వెళ్లిపోతాడు, కొత్త మనిషికి మొదటి నుంచి నేర్పాలి. జీతం దగ్గర కూడా పిసినారితనం చూపకు. మంచి చేతులకు ఫ్యాక్టరీలు ఎంతిస్తాయో కనుక్కుని, దానికి దగ్గరగా ఇవ్వు.

మొదటి ఏడాదే పొదుపు చూపించమని వెంటపడకు. ముందు మ్యాపు అడుగు, మీటర్లు అడుగు. ఏ కేబుల్ ఎటు పోతుందో, భూమిలో ఏ వాల్వు ఎక్కడుందో చాలా క్యాంపస్‌లలో కాగితం మీద ఉండదు, పాత పంప్ ఆపరేటరు బుర్రలోనే ఉంటుంది. ఆయన రిటైరైన రోజున ఆ మ్యాపు కూడా ఇంటికెళ్లిపోతుంది. ఆయన ఉండగానే పక్కన నడుస్తూ ఒక్కో వాల్వూ గుర్తించి, నంబరు వేసి, గీయించుకోమను. ఒక్కో భవనానికి ఒక్కో మీటరు పెట్టించి, నెలనెలా ఆ అంకెల్ని డిపార్టుమెంటు నోటీసు బోర్డు మీద పెట్టించు. ఎవరి వాడకం వాళ్ల కంటపడితే సగం మార్పు దానంతటదే వస్తుంది.

చివరగా, ప్రకటన బయటికి వెళ్లకముందే ఒక్క పని చెయ్యి తల్లీ. ఫైనాన్స్ ఆఫీసరును, క్యాంపస్ ఇంజినీరును, చీఫ్ వార్డెన్‌ను, పాత పంప్ ఆపరేటరును ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, పోయిన ఏడాది బిల్లులు మధ్యలో పెట్టు. ఏప్రిల్లో ఎందుకు పెరిగింది, సెలవుల్లో ఎందుకు తగ్గలేదు, అర్ధరాత్రి ఏం నడుస్తోంది అని ఒక్కో ప్రశ్నా వెయ్యి. వాళ్లలో ఎవరూ జవాబు చెప్పలేని ప్రశ్నలన్నీ రాసుకో. ఆ కాగితమే నీ ఉద్యోగ ప్రకటనలో బాధ్యతల పట్టిక. వేరే యూనివర్సిటీ ప్రకటన చూసి దించుకోవాల్సిన అవసరం నీకు రాదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న