ఎవరి గుట్టు?

ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే గాని, నిదానంగా ఆలోచిస్తే ఇది రావణుడి పక్షాన పుట్టిన సామెతలా కనిపిస్తుంది. విభీషణుడు గుట్టు విప్పకపోతే లంక గెలవడం అంత సులువయ్యేది కాదు, సీత చెర అంత త్వరగా వీడేదీ కాదు. శ్రీరామనవమి పందిట్లో ఆ కథ భక్తిగా వింటాం, విభీషణుణ్ణి మెచ్చుకుంటాం. ఇంటికొచ్చి పిల్లలకు మాత్రం ఈ సామెతే నూరిపోస్తాం.

ఈ ఆలోచన నాలో రేపింది మెల్‌బోర్న్‌లో ఉంటున్న మా మేనకోడలు. అక్కడ 2010 నుంచి ఏటా భారతీయ చిత్రోత్సవం జరుగుతోంది. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వం అండ ఉంది. మన తారలు వెళ్లి ఫెడరేషన్ స్క్వేర్‌లో జాతీయ జెండా ఎగరేస్తారు. జెండా ఎగిరాక అది ఉత్త సినిమాల పండుగగా మిగలదు, దేశం ముఖం చూపించే సందర్భం అయిపోతుంది. మా అమ్మాయి తనతో పనిచేసే ఆస్ట్రేలియా స్నేహితురాలిని ఒక సినిమాకు తీసుకువెళ్లింది. తెర మీద కూలీల బతుకు, కులం పేరిట దెబ్బలు. బయటికొచ్చాక ఆవిడ, "మీ ఊళ్లో ఇంకా ఇలాగే ఉంటుందా?" అని అడిగిందట. "తల కొట్టేసినట్టయింది మామయ్యా! చూపించడానికి ఇవి తప్ప మనకు వేరే సినిమాలు లేవా?" అని ఫోన్లో నా మీద విరుచుకుపడింది, ఆ సినిమా నేనే తీసినట్టు.

తగాదా పాతదే. 1980లో రాజ్యసభ సభ్యురాలైన నర్గీస్, సత్యజిత్ రాయ్ మన పేదరికాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నారని ఆక్షేపించారు. రాయ్ గారి 'పథేర్ పాంచాలి'కి 1956లో కాన్ చిత్రోత్సవంలో వచ్చిన బహుమతి, మానవ జీవితానికి ఉత్తమ దస్తావేజు అని. మరి నర్గీస్ స్వయంగా నటించిన 'మదర్ ఇండియా' (1957)లో పేదరికం లేదా? ఆస్కార్ పోటీ దాకా వెళ్లిన ఆ చిత్రంలో వడ్డీ వ్యాపారి సుఖీలాలా ఒక రైతు కుటుంబాన్ని పీల్చి పిప్పి చేస్తాడు. (1969లో బ్యాంకులను జాతీయం చేసినప్పుడు సుఖీలాలాల పీడ విరగడవుతుందని చాలామంది ఆశపడ్డారు. అయిందని మా రాయచూరు జిల్లాలో ఎవరూ ప్రమాణం చేయరు.) తేడా ఎక్కడుందంటే, 'మదర్ ఇండియా'లో పేదరికం వల్ల ఆ తల్లి గొప్పతనం ఇంకా పెరుగుతుంది. 'పథేర్ పాంచాలి' మనకు ఆ ఓదార్పు ఇవ్వదు. మన గొప్ప కనబడేటట్టయితే పేదరికం చేతికి కూడా జెండా ఇస్తాం. అందుకే 'పరువు' అనే మాట ఎవరు వాడినా నాకు కొంచెం అనుమానం.

ఇక్కడే, కర్ణాటకలోనే, ఒక తెలుగువాడి చేతి మీదుగా జరిగిన సంగతి ఉంది. 'సంస్కార' (1970) తీసింది 'ఫిడేలు రాగాల డజన్' రాసిన నెల్లూరి కవి పట్టాభి, అంటే తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. మూలం అనంతమూర్తి గారి కన్నడ నవల. మాధ్వ అగ్రహారంలో ఆచారం వదిలేసిన ఒకడు చనిపోతాడు. దహనం ఎవరు చేయాలో తేలదు, శవం కుళ్లిపోతుంటుంది. కులాల మధ్య చిచ్చు రేగుతుందని మద్రాసు సెన్సారు బోర్డు ఆపేసింది. ఆ అడ్డంకి తొలగాక అదే చిత్రం దేశంలో ఆ ఏటి ఉత్తమ చిత్రమైంది. 1972లో స్విట్జర్లాండ్‌లోని లోకార్నో చిత్రోత్సవంలో కాంస్య చిరుత బహుమతి పొందింది. దానికి కెమెరా పట్టిన టామ్ కోవన్ ఆస్ట్రేలియా వాడని మా మేనకోడలికి చెప్పాను. "అయితే ఏమంటావు?" అంది. నేననేది ఇది: అనంతమూర్తి పుట్టింది మాధ్వ కుటుంబంలోనే. ఆయన విప్పింది సొంత ఇంటి గుట్టు.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, తత్వశాస్త్రం తెలియదు. అయితే ఈ గుట్టు వ్యవహారంలో మా ఉద్యోగానికి కొంత అనుభవం ఉంది. చేరిన రోజునే గోప్యత పాటిస్తామని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఒకరి ఖాతాలో ఎంతుందో సొంత తమ్ముడొచ్చి అడిగినా చెప్పం. అదే బ్యాంకు తన సొంత లెక్క దాచుకుంటే మాత్రం తప్పు. ఒకప్పుడు వసూలు కాని వడ్డీని కూడా ఆదాయంగా రాసుకుని లాభం చూపించేవారు. 1991లో నరసింహం కమిటీ, రాని వడ్డీని ఆదాయంలో కలపొద్దు, మొండి బాకీని మొండి బాకీ అనే రాయండి అంది. 1992-93 నుంచి ఆ పద్ధతి వచ్చింది. పరువు పోతుందని సణిగినవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఎవరి లెక్క అన్నదాన్ని బట్టి ఒకచోట దాచడం ధర్మం, ఇంకోచోట దాచడం మోసం.

సినిమాకు వచ్చేసరికి చిక్కు పడుతుంది. తెర మీద కూలివాడి బతుకు కనిపిస్తే ఆ ఖాతా ఎవరిది? దర్శకుడిది కాదు. ప్రేమ్‌చంద్ 'కఫన్' కథను బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్ 1977లో తెలుగులో 'ఒక ఊరి కథ'గా తీశారు. ముఖ్యపాత్ర వెంకయ్యగా కన్నడ నటుడు వాసుదేవరావు నటించారు, 'చోమన దుడి'లో చోముడు ఆయనే. కష్టమంతా ఆసామి బొక్కసానికే పోతుంటే పని ఎందుకు చేయాలని ఎదురు తిరిగిన కూలి వెంకయ్య. కార్లోవీ వారీలోనూ కార్తేజ్‌లోనూ ఆ సినిమాను గౌరవించారు. మా క్యాంపుల్లో దాన్ని చూసిన కూలివాడు ఒక్కడూ నాకింతవరకు తగల్లేదు. తప్పు మృణాల్ సేన్‌ది అనను, అలాంటి చిత్రాలకు హాళ్లెవరు ఇస్తారు? కాని పాస్‌బుక్కు ఊరంతా చదివి, ఖాతాదారుకు మాత్రం చూపకపోతే మా బ్రాంచిలో ఏమవుతుందో నాకు తెలుసు.

'పథేర్ పాంచాలి'ని కూడా ముందు న్యూయార్క్‌లో, 1955 మే నెలలో చూపారు. ఆగస్టులో కలకత్తా హాళ్లలో ఆడింది. ముందూ వెనకా నాకు పట్టింపు లేదు, సొంతవాళ్లు చూశారా లేదా అన్నదే లెక్క. 2018లో న్యూయార్క్ భారతీయ చిత్రోత్సవానికి వెళ్లిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఆ విశాఖ పేటవాళ్లే నటించారు. చూడటమే కాదు, తమ కథలో తామే నిలబడ్డారు.

ఇక మన సంగతి. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లొచ్చాక కోస్తా నుంచి మన పెద్దలు వచ్చి సింధనూరు, మాన్వి చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. జొన్న చేలు వరి మళ్లయ్యాయి. అక్కడి ఎకరం అమ్మిన డబ్బుతో ఇక్కడ ఎన్నెకరాలు కొన్నారో, ఎన్ని పాములతో వేగారో మన సభల్లో ముచ్చటగా చెప్పుకుంటాం. అమ్మినవాడు ఏమయ్యాడో చెప్పుకోం. పంట రుణాల కోసం పాత పహణీలు తిరగేసే ఉద్యోగం నాది. ఒకప్పుడు పట్టాదారుగా ఉన్న మనిషి మనవడు అదే మడిలో కూలికి దిగడం చూశాను. పేర్లు చెప్పను, సంతకం పెట్టానుగా.

రేపు మన క్యాంపు కుర్రవాడే ఎవడైనా దీన్ని సినిమాగా తీసి మెల్‌బోర్న్‌కు పంపితే? చూసేవాళ్లలో మన పిల్లలే సగం ఉంటారు. వాళ్లకు తల కొట్టేసినట్టవుతుంది. అయినా పంపమనే అంటాను. కాకపోతే దాన్ని సింధనూరులో కూడా వేయాలి. కొన్న ఇంటివాళ్లూ అమ్మిన ఇంటివాళ్లూ ఒకే హాల్లో కూర్చుని చూడాలి, తెలుగు మాటలకు కింద కన్నడం, కన్నడం మాటలకు కింద తెలుగు వేసి. ఈ మాట మిత్రుల దగ్గర అంటే, మెల్‌బోర్న్ ఫరవాలేదు గాని సింధనూరు వద్దండీ, గొడవలవుతాయి అన్నారు. 'సంస్కార'ను ఆపినప్పుడు మద్రాసు సెన్సారు బోర్డు చెప్పిన కారణం కూడా ఇంచుమించు ఇదే.