వస్త్రం చింపుకొన్న తండ్రి, గ్రంథం చింపిన కుమారుడు



కొన్ని ఏండ్ల క్రితం ఒక పల్లె విచారణలో ఆదివారం దివ్యపూజలో కూలివారి వేతనం గురించి ప్రసంగించాను. కోతలు ముగిసి నెల దాటినా కొందరు రైతులు కూలి డబ్బు ఇవ్వలేదని నా చెవిన పడింది. ఎవరి పేరూ ఎత్తలేదు. పూజ అయ్యాక గుడి మెట్లమీద ఒక పెద్దమనిషి నా చేతులు పట్టుకొని, "బాగా చెప్పారు ఫాదర్‌గారూ, వాళ్ళకి అలాగే తగలాలి" అన్నాడు. బాకీపడ్డవారిలో ఆయన కూడా ఉన్నాడు. నేను ఏదో నసిగి ఊరుకొన్నాను. ఆయన ముఖం చూసి ఒక్క మాట చెప్పే ధైర్యం నాకు ఆనాడు లేకపోయింది. ఆ రాత్రి యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం తీసి చదువుకొన్నాను. మీరు కూడా ఈ వారం ఆ అధ్యాయం ఒకసారి చదవండి. దానికి ముందు రాజుల రెండవ గ్రంథం 22వ అధ్యాయం చదివితే ఇంకా మంచిది. ఆ రెండు అధ్యాయాలలో ఒక తండ్రి, ఒక కుమారుడు కనిపిస్తారు. ఇద్దరూ యూదా రాజులే. ఇద్దరి ఎదుటా దేవుని హెచ్చరిక ఉన్న గ్రంథం చదివారు. తండ్రి విని తన వస్త్రం చింపుకొన్నాడు. కుమారుడు విని గ్రంథాన్నే చింపాడు. హెబ్రీయ భాషలో చదవడానికీ చింపడానికీ వాడే మాటలు చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. గ్రంథకర్త కావాలనే అలా వ్రాశాడేమో అనిపిస్తుంది.

ముందు తండ్రి సంగతి చూద్దాం. యోషీయా ఎనిమిదేండ్ల వయసులో సింహాసనమెక్కాడు. ఆయన పరిపాలనలో 18వ ఏట, అంటే క్రీ.పూ. 622 ప్రాంతంలో, యెరూషలేము దేవాలయానికి మరమ్మతులు జరుగుతుండగా ప్రధానయాజకుడు హిల్కియాకు ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. ఈనాటి ద్వితీయోపదేశకాండములోని ప్రధాన భాగం అదేనని చాలామంది పండితుల అభిప్రాయం. రాజు కార్యదర్శి షాఫాను, పనివారికి డబ్బు అందిందని లెక్క చెప్పడానికి రాజు దగ్గరకు వెళ్ళాడు. లెక్క చెప్పడం అయ్యాక, హిల్కియా ఒక గ్రంథం ఇచ్చాడని చెప్పి దాన్ని చదివి వినిపించాడు. రాజు వెంటనే తన బట్టలు చింపుకొన్నాడు. ఆ పాపాలు చాలావరకు తన తాత మనష్షే కాలంనాటివి. అయినా ఆ నేరం మాది కాదు, పెద్దవాళ్ళది అని ఆయన తప్పించుకోలేదు. మన పితరులు ఈ మాట వినలేదు, ఆ కోపం ఇప్పుడు మనమీద ఉన్నది అన్నాడు.

దేవుని చిత్తం తెలిసికొని రమ్మని హిల్కియానూ షాఫానునూ మరి ముగ్గురినీ పంపగా, వారు హుల్దా అనే ప్రవక్త్రి దగ్గరకు వెళ్ళారు. ఆమె వస్త్రశాల అధికారి షల్లూము భార్య. అప్పటికే యిర్మీయా ప్రవచిస్తున్నాడు. అయినా రాజు మనుషులు వెళ్ళి తలుపు తట్టింది ఒక ఇల్లాలి ఇంటిని. ఆమె వారి మొగమాటానికి మాట మార్చలేదు. ఈ నగరానికి రావలసిన కీడు వచ్చి తీరుతుందన్నది. రాజు మనసు మెత్తబడి కన్నీరు కార్చాడు కాబట్టి ఆ కీడును ఆయన కన్నులు చూడవు అని మాత్రం చెప్పింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. పశ్చాత్తాపపడితే కష్టం తొలగుతుందని మనం అనుకొంటాం. మొక్కు మొక్కినట్లు, ఇంత ఏడిస్తే ఇంత ఫలితం అని లెక్కవేసుకొంటాం. యోషీయాకు ఆ లెక్క కుదరలేదు. నగరం నాశనం కాక తప్పదని తెలిసింది. అప్పుడాయన ఏమి చేశాడు? ప్రజలందరినీ సమావేశపరచి, గ్రంథం చదివించి, నిబంధన చేశాడు. దేవాలయంలోని విగ్రహాలను తొలగించి, పాస్క పండుగ జరిపించాడు. ఆ తరువాత క్రీ.పూ. 609లో, ఇంకా నలభై నిండకముందే, మెగిద్దో దగ్గర ఐగుప్తు రాజు నెకో చేతిలో చనిపోయాడు. ఆయన దుఃఖం బేరం కాదు. దేవుని మనసు నొచ్చుకొన్నదని తెలిసి తానూ నొచ్చుకొన్నాడు.

ఇప్పుడు కుమారుడి సంగతి. యెహోయాకీమును రాజుగా నిలబెట్టింది ఆ నెకోనే. అప్పుడతనికి 25 ఏండ్లు. అంటే తండ్రి వస్త్రం చింపుకొన్ననాటికి పన్నెండేండ్ల పిల్లవాడు. ఆ ఏడవడం, ఆ పాస్క పండుగ చూసే ఉంటాడు. మనసులో ఏమీ నాటుకోలేదు. నెకోకు కప్పం కట్టడానికి ప్రజలమీద పన్ను వేశాడు. మరోపక్క తనకు దేవదారు పలకలతో, ఎర్రరంగు పూతతో, విశాలమైన మేడ కట్టుకొన్నాడు. దానికి కూలివారిచేత వెట్టి చేయించుకొన్నాడని యిర్మీయా 22వ అధ్యాయంలో మొగంమీదనే అడిగాడు. నీ తండ్రి తిన్నాడు, త్రాగాడు, పేదవారికి న్యాయం కూడా చేశాడు. నన్ను ఎరుగుటయనిన అది కాదా అని ప్రభువు అడుగుతున్నాడన్నాడు. ప్రవక్తల హెచ్చరికలు మబ్బుల్లోని మాటలు కావు. కూలి డబ్బు, తూకపురాయి, విధవరాలి పొలంగట్టు, వీటి గురించే ఎక్కువ.

క్రీ.పూ. 605లో బబులోనియా సైన్యం కర్కెమీషు దగ్గర ఐగుప్తును ఓడించింది. ఆ ఏడాదే యిర్మీయా చెబుతుండగా బారూకు ఒక చుట్టలో ఆ ప్రవచనాలన్నీ వ్రాశాడు. యిర్మీయాకు దేవాలయంలో అడుగుపెట్టే వీలు లేదు. మరుసటి ఏడాది తొమ్మిదవ నెలలో ఉపవాసం ప్రకటించినప్పుడు బారూకే వెళ్ళి జనం ఎదుట చదివాడు. ఆ చలికాలంలోనే నెబుకద్నెసరు అష్కెలోనును పట్టుకొన్నాడని 1956లో ప్రచురింపబడిన ఒక బబులోనియా మట్టిపలక తెలుపుతున్నది. అష్కెలోను యెరూషలేముకు కొద్ది రోజుల నడక. శత్రువు గడప దగ్గరకు వచ్చాడు, జనం ఉపవాసమున్నారు, అలాంటి రోజున చుట్ట రాజభవనం చేరింది.

రాజు చలికాలపు భవనంలో కుంపటి ముందు కూర్చొని ఉన్నాడు. యెహూది అనే ఉద్యోగి చదువుతున్నాడు. మూడు నాలుగు వరుసలు చదవగానే రాజు లేఖకుడి చిన్న కత్తితో ఆ ముక్క కోసి కుంపటిలో వేశాడు. మళ్ళీ చదివాడు, మళ్ళీ కోశాడు. చుట్ట అంతా అయిపోయేవరకు ఇదే పని. కోపంతో ఒక్కసారిగా విసిరివేసి ఉంటే కొంత అర్థం చేసికోవచ్చు. ఈయన తాపీగా విన్నాడు. ప్రతి మాటా విన్నాడు. విన్న మాటను విన్నట్లే కాల్చాడు. రాజుగానీ, ఆ మాటలు విన్న సేవకులుగానీ భయపడలేదు, బట్టలు చింపుకోలేదు అని గ్రంథకర్త వ్రాశాడు. తండ్రిని ఎరిగినవాడు తప్ప ఆ వాక్యం అలా వ్రాయడు.

భయపడినవారు కూడా కొందరున్నారు. అదే చుట్టను అంతకుముందు అధికారులు తమ గదిలో చదివించుకొని, ఒకరి ముఖం ఒకరు చూసికొని భయపడ్డారు. బారూకును, యిర్మీయాను దాగుకొమ్మని చెప్పారు. వారిలో ముగ్గురు, కాల్చవద్దని రాజును బతిమాలారు కూడా. ఆ ముగ్గురిలో ఎల్నాతాను ఒకడు. ఊరియా అనే ప్రవక్త ఐగుప్తుకు పారిపోతే, రాజాజ్ఞమీద వెళ్ళి పట్టుకొచ్చిందీ ఎల్నాతానే. ఊరియాను రాజు కత్తితో చంపించాడు. ఒక ప్రవక్తను చావుకు అప్పగించిన చేతులే ఇంకొక ప్రవక్త గ్రంథంకోసం బతిమాలాయి. అతనిలో ఏమి జరిగిందో గ్రంథం చెప్పదు. భయం తక్కువది కాదు. శిక్షకు భయపడి కలిగే మనస్తాపం కూడా దేవుని వరమేనని 1551లో ట్రెంటు మహాసభ బోధించింది. పాపసంకీర్తన గదిలోకి మనలను చాలాసార్లు తీసికొచ్చేది ఆ భయమే. అయితే ఆ గదిలోకి వచ్చాక మనం ఎవరిని నొప్పించామో ఆ ముఖం ఒకసారి గుర్తుకు రావాలి. జాబితా అప్పజెప్పి, జపం అప్పజెప్పి వెళ్ళిపోతే భయం తీరుతుంది, దుఃఖం మొదలు కాదు.

ప్రవక్తలు మొదట తాము దుఃఖించి, ఆ తరువాతే మనలను దుఃఖించమన్నారు. యిర్మీయా తన కన్నులు నీటి ఊటలైతే బాగుండునని కోరుకొన్నాడు. మీరు వినకపోతే చాటున ఏడుస్తానన్నాడు. తరువాత ఆరువందల ఏండ్లకు మన ప్రభువు ఆ యెరూషలేమునే చూసి కంటతడి పెట్టాడని పునీత లూకా వ్రాశాడు. ఇంకా ఒక మాట. యెహెజ్కేలు గ్రంథం 9వ అధ్యాయంలో, నగరంలో జరిగే హేయమైన పనులకు నిట్టూర్చి విలపించేవారి నొసట గుర్తు వేయమని ప్రభువు ఆజ్ఞాపించాడు. ఆ గుర్తు హెబ్రీయ అక్షరమాలలో చివరి అక్షరం ‘తావ్’. పాతకాలపు లిపిలో అది సిలువ ఆకారంలో ఉండేది. విభూతి బుధవారంనాడు నొసట బూడిద సిలువ వేయించుకొనేటప్పుడు నాకు ఈ అధ్యాయమే గుర్తుకు వస్తుంది. గుర్తు పొందినవారు ఊరిలోని పాపాన్ని చూసి విలపించినవారు. అరుగుమీద కూర్చొని ఊరివాళ్ళ పాపాలు లెక్కబెట్టడం వేరు. అది మనం బాగానే చేస్తాం, అందుకు కన్నీళ్ళు అక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ కథలో షాఫాను కుటుంబాన్ని గమనించండి. యోషీయాకు గ్రంథం చదివింది షాఫాను. దేవాలయంలో ప్రసంగించినందుకు యిర్మీయాను చంపబోతే కాపాడింది అతని కొడుకు అహీకాము. బారూకు చుట్ట చదివింది ఇంకొక కొడుకు గెమర్యా గదిలో. అది విని అధికారుల దగ్గరకు పరుగెత్తింది గెమర్యా కొడుకు మీకాయా. నగరం కూలిపోయాక యిర్మీయాకు ఆశ్రయమిచ్చింది అహీకాము కొడుకు గెదల్యా. మూడు తరాలు. రాజుగారి ఇంట తండ్రి భక్తి కొడుకుకు అబ్బలేదు, గుమాస్తాగారి ఇంట మనుమల దాకా వచ్చింది. ఎందుకని? నాకు నికరమైన జవాబు లేదు. మంచి తల్లిదండ్రులకు యెహోయాకీము వంటి కొడుకు పుట్టవచ్చు. అలాంటివారు నా దగ్గరకు వచ్చి కన్నీళ్ళు పెట్టుకొంటారు, వారిమీద నేను ఇంకొక రాయి వేయను. కానీ షాఫాను ఇంట ఆ గ్రంథం గురించి భోజనాల దగ్గర మాట్లాడుకొని ఉంటారని మాత్రం నమ్ముతాను.

నగరం క్రీ.పూ. 587 ప్రాంతంలో తగలబడింది. 1982లో యిగాల్ షిలో అనే పురావస్తు శాస్త్రవేత్త దావీదు నగరంలో త్రవ్వుతుండగా ఒక ఇంటిలో యాభైకి పైగా మట్టి ముద్రలు దొరికాయి. అవి పత్రాలకు వేసిన ముద్రలు. పత్రాలన్నీ ఆ మంటలో బూడిదయ్యాయి. అదే మంటలో మట్టి కాలి గట్టిపడి ముద్రలు నిలిచాయి. వాటిలో ఒకదానిమీద ‘షాఫాను కుమారుడు గెమర్యా’ అని ఉన్నది. చుట్ట చదవడానికి గది ఇచ్చినవాడు ఇతడేనని చాలామంది పండితులు భావిస్తారు. రాజు కాల్చిన మాటలూ పోలేదు. యిర్మీయా ఇంకొక చుట్ట తీసికొన్నాడు, బారూకు మళ్ళీ కూర్చొని అవన్నీ వ్రాసి, అటువంటివి ఇంకా ఎన్నో చేర్చాడు.

ఆ పెద్దమనిషి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ తరువాతి తపస్సుకాలంలో ధైర్యం చేసి ఆయన ఇంటికి వెళ్ళాను. కూలి మాట ఎత్తలేదు. ఇద్దరం కలిసి ఈ రెండు అధ్యాయాలూ, యిర్మీయా 22వ అధ్యాయమూ చదువుకొన్నాం. కుంపటి దగ్గరకు వచ్చేసరికి ఆయన గ్రంథం నా చేతిలోనుండి తీసికొని తానే చదివాడు. అయిపోయాక కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకొన్నాడు.

"ఆ మేడ కట్టిన కూలివాళ్ళకి చివరికి డబ్బు ముట్టిందా ఫాదర్‌గారూ?" అని అడిగాడు.

"గ్రంథంలో లేదండీ" అన్నాను.