దూకేది ఎవరు?

మంచి ఉద్యోగం వదిలేసి సినిమాల్లోకి వెళ్లినవాళ్ల కథలంటే మనకి భలే ఇష్టం. నెలాఖరుకి ఠంచనుగా జీతం పడే ఐటీ జనాలకి మరీనూ. ఆ కథలన్నిట్లోనూ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "రిస్క్ తీసుకున్నాడు." ఎవరి రిస్క్, ఎలాంటి రిస్క్ అని ఎవరూ అడగరు. ప్రేమకథ తీసేవాణ్ణి అడగకపోయినా పెద్దగా నష్టం లేదు. యాక్షన్ సినిమా తీస్తానని బయల్దేరినవాణ్ణి మాత్రం అడిగి తీరాలి.

రిడ్లీ స్కాట్‌నే తీసుకుందాం. లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నాడు. 1960ల్లో బీబీసీలో సెట్ డిజైనర్. అది వదిలి యాడ్ ఫిల్ములవైపు వెళ్లాడు, 1968లో తమ్ముడు టోనీతో కలిసి కంపెనీ పెట్టాడు. మొదటి సినిమా 'ది డ్యుయలిస్ట్స్' 1977లో గానీ రాలేదు. నెపోలియన్ కాలంలో ఇద్దరు సైనికాధికారులు ఏళ్ల తరబడి ద్వంద్వయుద్ధాలు చేసుకుంటూ పోయే కథ. అప్పటికి అతనికి నలభై దగ్గరపడ్డాయి. తర్వాత 'ఏలియన్'కి అతను గీసిన స్టోరీబోర్డులు చూసే స్టూడియో బడ్జెట్ పెంచింది. ఉద్యోగం వదిలాడు గానీ డిజైన్‌ని వదల్లేదన్నమాట.

ఇలాంటి ప్రయాణంలో వదిలేవాడు పణంగా పెట్టేది జీతం, కొన్నేళ్ల వయసు, ఇంట్లోవాళ్ల మనశ్శాంతి. చిన్న విషయాలేం కావు. ఇఎంఐ కట్టలేని ఇంట్లో కల గురించి మాట్లాడటం తేలిక కాదు. కానీ వీటిలో చాలా భాగం తిరిగి రాబట్టుకోవచ్చు. సినిమా పోతే పోర్ట్‌ఫోలియో దుమ్ము దులిపి, రెండు మెట్లు కింద అయినా మళ్లీ ఉద్యోగంలో చేరొచ్చు. అతని సెట్‌లో మూడో అంతస్తు నుంచి దూకే ఫైటర్‌ది అలాంటి రిస్క్ కాదు. వెన్నెముకకి రీ-ఎంట్రీ ఉండదు.

2016 నవంబర్‌లో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలో 'మాస్తి గుడి' అనే కన్నడ సినిమా షూటింగ్ జరిగింది. హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకే సీన్. హీరో, ఇద్దరు నటులు దూకారు. హీరో బయటపడ్డాడు. ఆ ఇద్దరూ మునిగి చనిపోయారు. హీరోకి లైఫ్ జాకెట్ ఉందనీ, వాళ్లిద్దరికీ లేదనీ అప్పట్లో వార్తలొచ్చాయి. ఒకే సీన్, ఒకే ఎత్తు, ఒకే నీళ్లు. జాగ్రత్త మాత్రం మనిషిని బట్టి మారింది.

"వాళ్లు ఇష్టపడే చేస్తారు కదా" అనొచ్చు. నిజమే, ఫైట్ చేసేవాళ్లకి ఆ పని మీద ప్రేమా ఉంటుంది, గర్వమూ ఉంటుంది. కానీ రోజు కూలీ మీద బతికేవాడు "ఈ జంప్ నా వల్ల కాదు సార్" అంటే రేపు ఎవరు పిలుస్తారు? వద్దనే వీలు లేనిచోట సరేననడాన్ని పూర్తి ఇష్టం అని లెక్కేసుకోలేం. ఉద్యోగం వదిలినవాడికి మరో దారి ఉంది కాబట్టే అది ధైర్యం అయింది. అదే దూకుడు ఇంకో దారి లేనివాడి చేత చేయిస్తే దాన్ని ధైర్యం అనకూడదు.

అలాగని యాక్షన్ సినిమాలు మానేయాలని కాదు. నేనూ మొదటి రోజు మొదటి ఆటకి వెళ్లే బాపతే. నా వాదన దానికి వ్యతిరేకం: వదిలేసిన ఆ పాత వృత్తే ఇక్కడ బాగా పనికొస్తుంది. వంద కిలోలు మోయాల్సిన కడ్డీని ఐదొందల కిలోలు మోసేలా తయారుచేయమని ఇంజినీరింగ్‌లో మొదట్లోనే నేర్పిస్తారు. ఏ డిజైన్‌కైనా మూలసూత్రం అదే: వాడే మనిషి పొరపాటు చేస్తాడు, అయినా అతనికి దెబ్బ తగలకూడదు. యాక్షన్ కూడా అంతే. ప్రేక్షకుడికి ప్రమాదం కనిపించాలి, చేసేవాడికి అది ఉండకూడదు. ఈ రెండింటినీ విడదీయగలవాడే ఆ కళ తెలిసినవాడు. నిజంగానే ప్రాణం మీదికి తెచ్చి తీసిన షాట్‌లో గొప్పేముంది? అది కెమెరా ముందు జరిగిన యాక్సిడెంట్, కాకపోతే ఈసారికి తప్పిపోయింది.

2025 ఏప్రిల్‌లో ఆస్కార్ అకాడమీ ఈ విభాగానికి కొత్త అవార్డు ప్రకటించింది. 2027లో విడుదలయ్యే సినిమాలతో మొదలవుతుంది. ఆ ప్రకటనతో పాటు వాడిన బొమ్మల్లో మన 'ఆర్ఆర్ఆర్' పులి కూడా ఉందని మనవాళ్లు పండగ చేసుకున్నారు. నాకు నచ్చింది మాత్రం అవార్డు పేరు: 'స్టంట్ డిజైన్'. సాహసం అనలేదు, తెగింపు అనలేదు. డిజైన్ అన్నారు.

కాబట్టి రిజైన్ చేసి యాక్షన్ సినిమా తీస్తానని వచ్చిన స్నేహితుణ్ణి "ఎన్ని నెలలకి సరిపడా దాచావ్?" అని అడగడం బాగానే ఉంటుంది. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది: "నీ సెట్‌లో ఒక ఫైటర్ 'నేను దూకను' అంటే, మర్నాడు కూడా అతనికి పని ఉంటుందా?"