రెండో ప్రాధాన్యం

2025 ఫిబ్రవరి 27న ఓటు వేయడానికి హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో మంచిర్యాల వెళ్లాను. మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్-కరీంనగర్ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. పొద్దున నేను తయారవుతుంటే బాపు వాకిట్లో పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నువ్వు బస్సెక్కి వచ్చి ఓటేస్తవ్. నేను ఈడనే ఉంట. నాకు లేదాయె."

బాపుది పదో తరగతి. ముప్పై ఏళ్లకు పైగా సింగరేణిలో, అండర్‌గ్రౌండ్‌లో పనిచేశాడు. నాది బీటెక్. ఊళ్లో ఉండేది పండక్కి నాలుగు రోజులు. శాసనమండలిలో మా ఊరి తరఫున ఎవరు కూర్చోవాలో చెప్పే అర్హత మా ఇద్దరిలో నాకే ఉందట. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, నవ్వి ఊరుకున్నాను.

ఫలితం వచ్చాక ఆ నవ్వు కూడా మిగల్లేదు. యాభై ఆరు మంది పోటీ చేసిన ఆ ఎన్నికలో సుమారు రెండున్నర లక్షల ఓట్లు పోలైతే దాదాపు 28 వేలు చెల్లలేదు. అక్కడ చేయాల్సిన పనల్లా సిబ్బంది ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్‌తో పేరు ఎదురుగా 1 అంకె వేయడం. ఇష్టముంటే 2, 3 కూడా వేయొచ్చు. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లలో ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి అది సరిగ్గా రాలేదు. కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్ రెడ్డి మీద బీజేపీ అభ్యర్థి అంజిరెడ్డి రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లి గెలిచారు. ఎవరు గెలిచారన్నది ఈ వ్యాసానికి ముఖ్యం కాదు. చదువుకున్నవాళ్లు నిదానంగా ఆలోచిస్తారు, కాబట్టి వాళ్లకి వేరే సీట్లు ఉండాలి అన్న నమ్మకం మీద ఈ ఎన్నిక నిలబడి ఉంది. ఆ నమ్మకం గురించే నా బెంగ.

ఎగువ సభని మనం పెద్దల సభ అంటాం. ఇంగ్లిషు మాట కన్నా ఇది ఎక్కువ చెబుతుంది. ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, ఆలుమగల మధ్య పంచాయితీ అయినా 'పెద్దమనుషుల్లో' కూర్చుంటారు. పెద్దమనిషి అనిపించుకోవడానికి వయసు, ఆస్తి మాత్రమే చాలవు. అవతలి పక్షం కూడా "ఆయన చెప్తే వింటం" అనాలి. ఒక పక్షం మాత్రమే తెచ్చుకున్న మనిషి ఆ పక్షం మనిషే అవుతాడు. ఈ ఏర్పాటును మరీ మెచ్చుకోవడానికీ లేదు. ఆ గద్దె మీద దళితులకు, ఆడవాళ్లకు చోటుండేది కాదు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నారంటే చాలాసార్లు రెండు పక్షాల పెద్ద కులాలవాళ్లు ఒప్పుకున్నారనే అర్థం. ఆ మరక గుర్తుంచుకునే ఆ సూత్రాన్ని వాడుకుంటున్నాను: మధ్యలో నిలబడే హక్కు ఇచ్చేది అవతలివాళ్లు.

ఇప్పుడు తెలంగాణ మండలి లెక్క చూడండి. మొత్తం 40 మంది. 14 మందిని ఎమ్మెల్యేలు, 14 మందిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. పట్టభద్రులకు మూడు, ఉపాధ్యాయులకు మూడు. మిగిలిన ఆరుగురిని సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సామాజిక సేవల నుంచి గవర్నర్ నామినేట్ చేస్తారు. ఇందులో ఎక్కడైనా అవతలి పక్షం ఒప్పుకోవాలన్న షరతు ఉందా? ఎమ్మెల్యే కోటా అంటే పార్టీ బలాన్ని బట్టి పంపకం. నామినేషన్ అంటే ఆచరణలో మంత్రివర్గం పంపిన పేర్లు. అమెరికాలోనూ 1913లో పదిహేడో సవరణ వచ్చేదాకా సెనేటర్లను రాష్ట్రాల శాసనసభలే ఎన్నుకునేవి. మన రాజ్యసభ ఇప్పటికీ ఆ పాత దారిలోనే ఉంది. అలాంటప్పుడు ఈ సభ ఎవరికి అడ్డమైతే వాళ్లు దాన్ని ఎత్తేయాలనుకోవడంలో వింత లేదు. ఎన్టీఆర్ హయాంలో 1985లో మండలి రద్దయింది, 2007లో తిరిగొచ్చింది. మూడు రాజధానుల బిల్లులు మండలిలో ఆగగానే 2020 జనవరిలో జగన్ ప్రభుత్వం మళ్లీ రద్దు తీర్మానం చేసి, 2021 నవంబర్‌లో వెనక్కి తీసుకుంది.

చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో మితవాదులు, అతివాదులు అని చదువుకున్నాం. మితవాదులంటే అర్జీలు పెట్టుకునేవాళ్లు, అతివాదులంటే పోరాడేవాళ్లు. పరీక్షకి అంతే చాలు. అప్పట్నుంచి మితవాది అంటే మెతక మనిషి అని బుర్రలో పడిపోయింది. అది తప్పని నాకు 2011లో తెలిసింది, సకల జనుల సమ్మెలో. సింగరేణి కార్మికులు నెల రోజులకు పైగా గనుల్లోకి దిగలేదు, మా ఇంట్లో జీతం లేదు. ఆ సమ్మెను నడిపిన జేఏసీకి ముందున్న మనిషి కోదండరాం, ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చెప్పిన ప్రొఫెసర్, మా మంచిర్యాల జిల్లా మనిషే. ఆయన డిమాండ్‌లో మెతకదనం ఏమీ లేదు. ప్రత్యేక రాష్ట్రం కన్నా తక్కువకు ఒప్పుకోనన్నారు. కానీ టీఆర్ఎస్, బీజేపీ, న్యూడెమోక్రసీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలంటే ఆ బల్ల మధ్యలో ఆయనే ఉండాల్సి వచ్చింది. నేను మితవాదం అంటున్నది దీన్ని. కోరే కోరిక ఎంత పెద్దదన్నది కాదు, ఎవరెవరు నీతో కూర్చోగలరన్నది.

రాష్ట్రం వచ్చాక ఆ బల్ల అవసరం తీరింది. 2018లో ఆయన పెట్టిన తెలంగాణ జన సమితి ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో ఒక్క సీటూ గెలవలేదు. 2021 మార్చిలో ఆయన వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల స్థానానికి పోటీ చేశారు. మొదటి ప్రాధాన్యంలో టీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డికి లక్షా పదివేల దాకా, యూట్యూబ్‌లో ప్రభుత్వాన్ని చెరిగేస్తూ పేరు తెచ్చుకున్న తీన్మార్ మల్లన్నకు 83 వేల దాకా, కోదండరాంకు 70 వేల దాకా ఓట్లు వచ్చాయి. కింది నుంచి ఒక్కొక్కర్నీ తీసేస్తూ వచ్చి చివరికి కోదండరాంను కూడా తీసేసి, ఆయన ఓట్లలోని తర్వాతి ప్రాధాన్యాలను మిగిలిన ఇద్దరికీ పంచారు. పల్లా గెలిచారు.

ఇక్కడ నాలో ఇంజినీరు కాసేపు మాట్లాడతాడు, ఓపిక పట్టండి. వంద మంది ఓటర్లు అనుకుందాం. నలభై మందికి మొదటి ఇష్టం 'అ', ముప్పై ఐదు మందికి 'ఆ', పాతిక మందికి 'ఇ'. 'అ' మనుషులకు 'ఆ' అంటే పడదు, 'ఆ' మనుషులకు 'అ' అంటే పడదు, రెండు గుంపులకూ 'ఇ' అయితే ఫర్వాలేదు. మన లెక్కింపులో ముందు ఎగిరిపోయేది 'ఇ'. కానీ 'ఇ'ని 'అ'తో ముఖాముఖి నిలబెడితే 60-40తో, 'ఆ'తో నిలబెడితే 65-35తో 'ఇ' గెలుస్తాడు. ఇద్దరినీ ఓడించగలిగినవాడు మూడో స్థానంలో పోతాడు. ముఖాముఖి పోలిక ఇలా వేరే జవాబు ఇవ్వొచ్చని ఫ్రాన్స్‌లో కొండోర్సే 1785లోనే రాశాడు.

2021లో అచ్చం ఇలాగే జరిగిందని నేను అనను. అసలు సంగతి వేరే. పల్లాకు, మల్లన్నకు మొదటి ప్రాధాన్యం ఇచ్చినవాళ్లు 2 అంకె ఎవరి పక్కన వేశారో ఎవరూ లెక్కపెట్టలేదు. చివరిదాకా నిలిచినవాళ్ల ఓట్లలో రెండో ప్రాధాన్యం చూడాల్సిన పని ఈ పద్ధతికి లేదు. అంటే "మా వాడు కాకపోతే ఈయనైనా సరే" అని రెండు లక్షలకు దగ్గరగా ఉన్న ఆ జనంలో ఎంతమంది ఎవరి గురించి అన్నారో, ఆ మాట బ్యాలెట్ కాగితం మీదే ఉంది, ఎవరూ చదవలేదు. దిగువ సభకు అది సరే. ప్రభుత్వం నడపడానికి మొదటి ఇష్టం కావాలి. కానీ పెద్దల సభకు కావాల్సిన మనిషి ఎవరు? అందరి రెండో ఇష్టమే కదా. ఆ సభకు మనుషుల్ని ఎంచే పద్ధతి ఆ ఒక్క సమాచారాన్నే పారేస్తోంది.

ఆ తర్వాత కోదండరాం మండలికి వెళ్లిన దారి చూస్తే నాకు బాధ. 2023లో బీఆర్ఎస్ ప్రభుత్వం పంపిన దాసోజు శ్రవణ్, కుర్రా సత్యనారాయణ పేర్లను గవర్నర్ తిరస్కరించారు. ప్రభుత్వం మారాక 2024 జనవరిలో ఆ ఖాళీల్లోకి కోదండరాం, అమెర్ అలీఖాన్ పేర్లు వచ్చాయి. హైకోర్టు కేసు, అదే ఏడాది ఆగస్టులో ప్రమాణం, సరిగ్గా ఏడాదికి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ పదవి పోయింది. ఆ నెలాఖరులోనే మంత్రివర్గం మళ్లీ ఆయన పేరు పంపింది, ఈసారి అజహరుద్దీన్ పేరుతో కలిపి. అర్హత ఉన్న మనిషే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒకప్పుడు అన్ని పార్టీలూ వచ్చి కూర్చున్న బల్ల ఆయనది. ఇప్పుడు ఒక పార్టీ వేసిన కుర్చీలో కూర్చోవాలి. ఆ కుర్చీలోంచి ఆయన ప్రభుత్వాన్ని మెచ్చుకుంటే రుణం తీర్చుకుంటున్నాడంటారు, తిడితే విశ్వాసం లేదంటారు.

"ఎన్నికల్లో గెలవలేనివాళ్లు ఇంకెలా వస్తారు మరి?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఎస్.ఆర్. శంకరన్ గుర్తొచ్చారు. 1987లో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ కిడ్నాప్ చేసిన ఐఏఎస్ అధికారుల్లో ఆయనొకరు. పదేళ్ల తర్వాత అదే మనిషి పౌర స్పందన వేదికతో ఎన్‌కౌంటర్ల గురించి ప్రభుత్వాన్నీ, హత్యల గురించి నక్సలైట్లనూ నిలదీశారు. రెండు వైపులా చిరాకు పడ్డారు, రెండు వైపులా ఆయనతో మాట్లాడారు. 2004 అక్టోబర్ చర్చల దాకా తీసుకురావడంలో ఆ వేదికది పెద్ద చెయ్యి. చర్చలు నిలవలేదు. కొద్ది నెలల్లోనే మా బొగ్గు పట్టీ చుట్టూ మళ్లీ పాత రోజులే. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు, ఎవరూ నామినేట్ చేయలేదు. పద్మభూషణ్ ఇస్తామంటే కూడా వద్దన్నారు.

శంకరన్‌ను తలుచుకుంటే నా ముఖాముఖి లెక్క కూడా కొంచెం వంకరగా కనబడుతుంది. అందరి రెండో ఇష్టం అంటే ఎవరినీ నొప్పించని, ఏమీ మాట్లాడని మనిషి కూడా కావచ్చు. పెళ్లిళ్లలో అందరికీ నమస్కారం పెట్టి భోజనం చేసి వెళ్లిపోయే పెద్దమనిషి. ఇరుపక్షాలనూ నొప్పించి కూడా ఇరుపక్షాల నమ్మకం పోగొట్టుకోని మనిషిని ఏ బ్యాలెట్ కనిపెడుతుందో నాకు తెలియదు. కాబట్టి నేను అడిగేది చిన్నది: పట్టభద్రుల సీట్లు తీసేసి బాపుకు కూడా ఓటివ్వండి, నామినేషన్ అయితే ప్రతిపక్ష నాయకుడి సంతకం కూడా అడగండి, వేసిన 2 అంకెలన్నిటినీ చదవండి.

ఆ రోజు ఓటేసి వచ్చాక బాపు అడిగాడు. "రెండో నంబర్ ఎవరికి పెట్టినవ్?"

ఎవరికీ పెట్టలేదన్నాను. నిజం. నా మనిషికి 1 వేసి, మిగతా యాభై ఐదు పేర్లు చదవబుద్ధి కాక మడతపెట్టి డబ్బాలో వేసేశాను.

"మా యూనియన్ ఓట్లల్ల ఒక్కటే గుద్దుడు ఉండె," అన్నాడు బాపు పేపరు మడుస్తూ. "నీకు యాభై ఆరు ఇచ్చిండ్రు గద, గంత దూరం నుంచి వచ్చి ఒక్కటే పెట్టినవా?"